కంఠతా వచ్చిన మాట

నీళ్లు, అంతే కదా, పసిపిల్లలకు కూడా వచ్చే మాట, పొద్దున గొంతెండి అడగబోతే తన నోట్లోంచి వచ్చిందేమిటి, ప్రభువులవారు జలము సేవించెదరు అని, పెద్ద నాయకులకు వాడే మర్యాద మాట తనకు తనే తగిలించుకున్నాడు, చాపలు పరుస్తున్న కోడళ్లు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు, నవ్వరా మరి, నలభై ఏళ్లు ఊరి తరఫున సభల్లో మాట్లాడిన తను, వైఫాలే, ఎవరికి ఏ మర్యాద మాట వాడాలో సవాయీ దీవిలో సగంమందికి నేర్పిన వైఫాలే, ఒళ్లు మండి కప్పు విసిరికొట్టాడు, అదీ ఎడమచేత్తో, పక్షవాతం వచ్చిన ఈ మూడు నెలల్లో కుడిచెయ్యి లేస్తేగా, మొన్న ఆపియా ఆసుపత్రిలో మాటలు నేర్పే ఆ పిల్ల తలీత పడవ బొమ్మ చూపించి ఇదేంటి తాతా అంది, ఇదేంటా, తను పెరిగిందే పడవల్లో, ఆ మాట నాలుక వెనకాల నిలబడి వెక్కిరించింది కానీ బయటికి రాలేదు, మెదడులో ఎడమపక్క దెబ్బ తగిలింది తాతా, అప్పటికప్పుడు మాట వెతికి కూర్చేది అక్కడే, కంఠతా వచ్చిన పాటలు, ప్రార్థనలు, తిట్లు వేరే దారిన వస్తాయి, అవి పోలేదు, వింటే అర్థం కావడమూ పోలేదు అంది, పోలేదని ఈ వెధవలకెవరు చెప్పాలి.

వింటున్నాడు, అంతా వింటున్నాడు, ఊరి పెద్దలంతా సభలో స్తంభానికొకరు ఆనుకుని కూర్చుని, తన ఎదురుగానే, తన కర్ర గురించి, ఊరి తరఫున మాట్లాడేవాడే పట్టే కర్ర గురించి, అన్నయ్యకేం తెలుస్తుంది పాపం, కర్ర మా అబ్బాయి పెటెలో చేతికిచ్చేద్దాం అంటున్నాడు తమ్ముడు, పాపమట, వీడి ముక్కు తుడిచింది తను, ఆ పెటెలోగాడికి సభలో ఎవర్ని ముందు పలకరించాలో కూడా తెలీదు, నేనింకా చావలేదురా అనాలి, ఆ ఒక్క ముక్క, కర్ర ఊతంగా లేచి నోరు తెరిచాడు, వచ్చింది, వరదలా వచ్చింది, కానీ అది కాదు, ఊరి వందనం, నాయకుల వంశాలు, సభాస్థలాల పేర్లు, ఒక్కటీ తప్పకుండా, తలలు వంచుకుని విన్నారు, మాలో, మాలో, అంటే భేష్ భేష్ అని మెచ్చుకున్నారు, నోరొచ్చేసింది, ఇంకేంటి, కర్ర ఆయనదే అన్నారు.

రాలేదు, అంది వెనకనుంచి భార్య, అది కంఠతా వచ్చిందే, మీకది చాలు, నాకు చాలదు, ముప్ఫై ఆరేళ్లు కాపురం చేశా, నా పేరు పెట్టి ఒక్కసారి పిలవమనండి, సభ మధ్యలో ఆడదాని నోరా, చంపేయాలన్నంత కోపం, పిలిచి దీని నోరు మూయించాలి, సులుఫాయింగా, అదే దాని పేరు, తెలుసు, లోపల స్పష్టంగా ఉంది, నాలుక కదలదు, పాడు జబ్బు, ఏయ్ మాత్రం వచ్చేస్తోంది, ఎక్కడ చచ్చావే కూడా వచ్చేస్తోంది, రోజూ అన్నవి కదా, కంఠతా వచ్చినవి పోవంది తలీత, మరి ఈ పేరెందుకు రాదు, పెళ్లైన కొత్తలోనైనా, పిల్లలు పుట్టినప్పుడైనా, ఎంత వెతికినా ఒక్కసారి పిలిచిన జ్ఞాపకం లేదు, ఆ పేరును జబ్బు ఎత్తుకుపోలేదు, తనే ఎన్నడూ పలకలేదు.