అమూద్ గిటారులో చిటపట

మళ్ళీ అదే, నిప్పుల్లో ఉప్పు చల్లినట్టు చిటపట, వేలు తీగ మీద పడీపడకముందే చిటపట, నిన్న ఇంట్లో బనీనుతో కూర్చుని పొద్దంతా వాయిస్తే తేనెలా పలికిన గిటారు, అల్జీర్స్ నుంచి బస్సులో రెండు వేల కిలోమీటర్లు ఒళ్ళో పెట్టుకుని ఈ ఎడారి ఊరు తమన్‌రాసెత్ తెచ్చుకున్న గిటారు, ఇవాళ మేనకోడలి పెళ్ళి గుడారం ముందు నలుగురూ కూడేసరికి దీనికేం రోగమొచ్చింది, ఆడవాళ్ళు చెంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు, అమూద్ మొదలెట్టాడర్రా అని, నేను కాదర్రా అని అతనంటే ఇంకా నవ్వు, యాభై రెండేళ్ళుగా ఏ వెధవ పని చేసినా ముందు అనేది ఆ మాటే కదా, నిరుడు ఒక పెళ్ళిలో స్పీకరు పెట్టెలోంచి మేక అరిచినప్పుడూ నేను కాదర్రా, పెళ్ళికొడుకు ఒంటె కాళ్ళకి రాత్రికి రాత్రి గోరింటాకు పండినప్పుడూ నేను కాదర్రా, ఇక్కడి మగవాళ్ళ తలపాగా ముసుగులో నోరెలాగూ కనపడదు, కనపడే కళ్ళేమో పుట్టుకతోనే నవ్వుతున్నట్టుంటాయి, వాటిని పీకి జేబులో వేసుకోలేడు కదా.

రాయిషా అక్క వస్తోంది, గబగబా వస్తే భయం లేదు, నెమ్మదిగా వస్తోంది, ఒరేయ్ అమూద్, మామయ్య వాయిస్తేనే పెళ్ళి అని నా కూతురు తాఖా చిన్నప్పట్నుంచీ అంటోందిరా, ఈ ఒక్క రోజు మనిషిలా ఉండరా, సాయంత్రపు అసర్ నమాజులోపు ఈ గోల ఆగకపోతే కుర్రాళ్ళ బృందాన్ని పిలిపిస్తా, నువ్వు పోయి టీ కాచుకుందువుగాని, అని అంతే నెమ్మదిగా వెళ్ళిపోయింది, ఒట్టు వేద్దామంటే అతని ఒట్లన్నీ అక్క దగ్గర ఎప్పుడో చెల్లకుండా పోయాయి, ఈలోగా మేనమామ కూతురు కెల్లా, వరసైనవాళ్ళు ఏడిపించకపోతేనే ఇక్కడ తప్పు, బావా, నీ గిటారుకి పేలు పట్టినట్టున్నాయి, దువ్వెన తేనా అంది, ఇంకో రోజైతే ఒకటికి నాలుగు తిప్పికొట్టేవాడే, ఇప్పుడు వంగి వైరు మార్చి చూశాడు, చిటపట, స్పీకరు పెట్టె మార్చాడు, చిటపట, కెల్లా నవ్వు ఆపేసి వంగి అతని కళ్ళలోకి చూసింది, అయ్యో బావా, నిజంగానే పాడైందా, అని, జీవితంలో మొదటిసారి ఒక మనిషి అతన్ని నమ్మింది, అది కూడా ఎదురు జవాబు చెప్పనందుకు.

సరే, పద, కంసాలి ఘూమా ఉన్నాడు, వెండి కత్తుల పిడులు అతికే చేతికి గిటారు లోపలి తీగలొక లెక్కా, స్పీకరు పెట్టె కూడా మోసుకుని బయల్దేరితే కెల్లా వెంటే వచ్చింది, కొలిమి రవ్వలకి పెళ్ళి అంగీ కాలిపోతుందని విప్పి గూటానికి తగిలించాడు, నీలం అంగీ, గంజి పెట్టి కర్రలతో బాది బాది అద్దంలా మెరిపించినది, నడిస్తే అదే కరకరమంటుంది, ఘూమా వెనక మూత విప్పి చూశాడు, అతుకులన్నీ గట్టిగానే ఉన్నాయి నాయనా అన్నాడు, వాయిస్తే ఒక్క చిటపటా లేదు, ఘూమా పట్టకారు కింద పెట్టి, పనిమాలా నన్ను ఏడిపించడానికి వచ్చావా అన్నాడు, నేను కాదురా, ఛీ మళ్ళీ అదే మాట, పోనీలే బాగైంది అనుకుని అంగీ తొడుక్కుని మరోసారి మీటితే చిటపట, ఆగు, విప్పాడు, లేదు, తొడిగాడు, ఉంది, విప్పాడు, కెల్లా నోరు తెరిచి చూస్తోంది, అతని చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, ఈ చలికాలపు ఎండు గాలిలో దుప్పటి లాగితే మెరుపులొస్తాయే, అదే ఇదీ, తీగల కింద తెల్లటి ప్లాస్టిక్ రేకు, దాని మీద కొత్త వస్తువులకుండే పల్చటి పొర, తను పీకనే లేదు, వాళ్ళింట్లో ఏదీ పీకరు, ఫ్రిజ్జు పొరకి ఎనిమిదేళ్ళు, కారు సీట్లు కూర్చుంటే ఇప్పటికీ అతుక్కుంటాయి, కొత్తది కొత్తగానే ఉండాలని, దాని మీద అంగీ చెయ్యి రాసుకుని రాసుకుని, ఓరి నీ, అంగీ లేకుండా బనీనుతో పెళ్ళికి పోతే అంతకన్నా పెద్ద వేషం ఇంకోటి ఉండదు, కాబట్టి పొరే పోవాలి, గోటితో అంచు లేపి ఒక్క లాగు లాగితే స్పీకరులో కొండ విరిగినట్టు మోత, ఘూమా ఎగిరిపడ్డాడు, అమూద్ తడి చేత్తో రేకు తుడిచాడు, అంగీ తొడుక్కుని దాని పెద్ద చేతుల్ని మడిచి భుజం మీదికి వేస్తే కెల్లా తన పిన్నీసు తీసి గుచ్చింది, కదలకు బావా, కదిలితే నీకే గుచ్చుతా.

అసర్‌కి ఇంకా వేళ ఉంది, మళ్ళీ గుడారం ముందు కూర్చున్నాడు, మీటాడు, శుభ్రంగా ఒకే ఒక్క స్వరం బయటికొచ్చి ఇసుక మీదుగా ఒంటెల దాకా వెళ్ళింది, చిటపట లేదు, అయినా ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు, డప్పు దగ్గరి ఆడవాళ్ళ చేతులు గాల్లోనే ఆగాయి, అందరూ మేక ఎప్పుడు అరుస్తుందా అని చూస్తున్నారు, అక్క చూస్తోంది, ముసుగు సందులోంచి తాఖా చూస్తోంది, రెండో స్వరం, మూడోది, స్వరానికీ స్వరానికీ మధ్య ఇంత ఖాళీ ఉంటుందని అతనికెప్పుడూ తెలియదు, చిటికెన వేలు దానంతట అదే మేక గొంతు పలికే చోటికి పాకుతోంది, ఒక్కసారి మే అనిపిస్తే చాలు, అందరూ నవ్వుతారు, తనూ నవ్వుతాడు, ఎప్పటిలా బతికిపోతాడు, వద్దు, వేలిని వెనక్కి లాగాడు, ఇంతమంది తన వైపే చెవులు పెట్టి కూర్చుంటే అప్పుడు తెలిసింది అతనికి, ఇన్నేళ్ళూ తను వాళ్ళని నవ్వించింది సరదాకి కాదు, తన పాటని ఎవరైనా సరిగ్గా వినేస్తారేమోనన్న భయానికి, విననీ, వినడానికే వచ్చారు, అనుకుని నాలుగో స్వరం మీటి, అది పూర్తిగా ఆగేదాకా చెయ్యి కదపకుండా ఆగాడు.