పెన్‌డ్రైవ్ మీద నెపం

ప్రేమానందం చిత్తూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. కంప్యూటర్ల సంగతి బాగా తెలిసినవాడని పేరు. సంతపేటలో వాళ్ల వీధివాళ్లు ఫోన్‌కి ఏ వింత మెసేజ్ వచ్చినా ముందు ఆయనకే చూపిస్తారు. కాలేజీలో సైబర్ మోసాల మీద ఆయన మాట్లాడిన మాటలు ప్రిన్సిపాల్‌కి నచ్చి, "దీన్నే వీడియోగా చేసి ఇయ్యండి సార్, మిగతా బ్రాంచిల్లో గూడా వేస్తాం" అన్నాడు. ఆ వీడియో దగ్గరే మొదలైంది ఇదంతా.

వీడియోను ముక్కలు కోసి అతికించే సాఫ్ట్‌వేర్ కావాలి. దానికి నెలనెలా డబ్బు కట్టాలి. ఆదివారం భార్య కృపారాణి చర్చిలో స్త్రీల కూటానికి వెళ్లినప్పుడు, ప్రేమానందం అదే సాఫ్ట్‌వేర్‌ను ఊరికే ఇస్తామనే సైటు ఒకటి వెతికి పట్టుకున్నాడు. "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి" అని రాసి ఉంది. ఆ మాట కనిపిస్తే అక్కడితో లేచి వచ్చేయండని పిల్లలకు చెప్పింది తనే. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని, తన చేత్తో తనే ఆపాడు.

సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. కంప్యూటర్ మాత్రం దమ్ము పట్టినట్టు రొప్పసాగింది. చూస్తుండగానే ఫోటోల బొమ్మలన్నీ తెల్ల కాగితాలైపోయాయి. ప్రతి ఫైలు పేరు చివరా ఎన్నడూ చూడని అక్షరాలు తోకలా వచ్చి చేరాయి. తెరిచిన ప్రతి ఫోల్డర్‌లోనూ ఒకటే ఉత్తరం: మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే డబ్బు పంపండి, ఆలస్యం చేస్తే రెట్టింపు.

అదేమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. నెట్ వైరు లాగేశాడు. ఉత్తరాన్ని ఫోన్‌తో ఫోటో తీశాడు. అప్పుడు కనబడింది, పక్కనే మినుకుమినుకుమంటూ బ్యాకప్ డిస్కు. కాపీ చేసిన వెంటనే పీకి బీరువాలో పెట్టుకోండని ఊరందరికీ చెప్పేవాడు, దాన్ని పీకడానికి బద్ధకించి ఎన్నాళ్లుగానో తగిలించే ఉంచాడు. అందులోనూ తాళాలే.

లోపల పోయింది పెళ్లి ఫోటోలు, ప్రశ్నపత్రాలు మాత్రమే అయితే ఆయన ఎలాగో ఓర్చుకునేవాడు. కృపారాణి గొంతు పోయింది.

తిరుపతిలో చూపులేని ఆడపిల్లల హాస్టల్ ఒకటుంది. డిగ్రీ చదివే ఆ పిల్లల కోసం కృపారాణి రెండేళ్లుగా పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తోంది. మధ్యాహ్నం పూట కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ చదివేది. వీధిలో కూరగాయల బండి అరుపు వినబడితే ఆ పేజీ మళ్లీ మొదటినుంచి. పాఠాలు పూర్తయినప్పుడల్లా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తనే బస్సెక్కి వెళ్లి ఇచ్చి, దాన్ని ఖాళీ చేసుకుని వచ్చేది.

కూటం నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే ఆమె భర్త ముఖం చూసింది.

"ఏమైంది?"

"కంప్యూటర్‌కు వైరస్ పడిండాది. అన్నిటికీ తాళం ఏసేసినారు."

"నా పాఠాలకు గూడానా?"

ఆయన తలూపాడు.

"యాడినుంచి వచ్చినాది?"

అప్పుడే చెప్పేసి ఉంటే అంతటితో పోయేది. కానీ ఆయన కళ్ల ముందు కాలేజీ స్టేజీ, చప్పట్లు కొట్టిన పిల్లలు మెదిలారు. మనసు తేరుకునేలోగా నాలుక పని కానిచ్చేసింది.

"నీ పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చినట్టుండాది. ఆ హాస్టల్ కంప్యూటర్ పాతది గదా."

కృపారాణి మంచం అంచున కూర్చుంది. "అంటే నేనే తెచ్చినానా?"

"నువ్వేం కావాలని చేసినావా."

ఆ జవాబులో కాదనే మాట లేదు.

మరునాడు ఆయన చేయాల్సినవన్నీ చేశాడు. సైబర్ ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశాడు. అది లోపలికి ఎలా వచ్చిందని అవతలి మనిషి అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ముఖం తెలియనివాడికి నిజం చెప్పడం ఎంత సులువో అనిపించింది. డబ్బు పంపొద్దు, పంపినా తాళంచెవి ఇస్తారన్న నమ్మకం లేదన్నారు. అదీ తెలిసిందే. కొన్ని రకాల తాళాలకు చెవులు ఉచితంగా దొరికే సైటును కాలేజీ కంప్యూటర్‌లో వెతికాడు. ఈ రకానికి ఇంకా లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి భార్యకు ధైర్యం చెప్పబోయాడు.

"దిగులుపడొద్దు కృపా. నువ్విచ్చిన పాఠాలన్నీ హాస్టల్లో ఉండాయి గదా. పోయి తెచ్చుకుందాం."

"ఆడ గూడా లేవు," అందామె. "నిన్నే అలివేలమ్మకు ఫోన్ చేసినాను. నా పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉండాది, పిల్లోళ్లవి గూడా పోతాయేమో అని చెప్పినాను. పాపం ఆమె భయపడిపోయి, కంప్యూటర్లోనూ పిల్లోళ్ల ఫోన్లలోనూ నేనిచ్చినవన్నీ తుడిపించేసినాదంట."

అలివేలమ్మ ఆ హాస్టల్ వార్డెన్.

ప్రేమానందానికి అప్పుడు అర్థమైంది. దొంగలు తాళం మాత్రమే వేశారు. మిగిలినదాన్ని తుడిచేసింది తన మాటే.

"ఇంక నేనా హాస్టల్‌కు పోలేనండి," అంటోంది కృపారాణి. "కండ్లు లేని బిడ్డల ఇంటికి రోగం మోసుకుపోయినట్టుండాది నాకు."

ఆమె ఏడవడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తోంది. ఆయన ఇక ఆగలేకపోయాడు.

"నీ పెన్‌డ్రైవ్ కాదు కృపా. నేనే. ఊరికే వస్తాదని ఒక సాఫ్ట్‌వేర్ దించినాను. యాంటీవైరస్ ఆపమంటే ఆపినాను."

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపు కంటే తిట్టి ఉంటే బాగుండేది.

"నిన్న ఫోన్‌లో ఆమెకు క్షమాపణ చెప్పుకుంటా ఉంటే మీరు పక్క గదిలోనే ఉండారు," అంది.

"నాకు వినపడలా."

"వినపడింటే చెప్పేవాళ్లా?"



సెలవు రోజున ఇద్దరూ తిరుపతి బస్సెక్కారు. హాస్టల్ హాల్లో పిల్లలు చాపల మీద కూర్చున్నారు. కృపారాణి గోడవారగా నిలబడింది. చెప్పాల్సింది ఆయనే. కాలేజీ స్టేజీ మీద తడబడని మనిషి, తనను చూడలేని పిల్లల ముందు తలెత్తలేక నేలతో మాట్లాడినట్టు మాట్లాడాడు. వైరస్ ఎలా వచ్చిందో చెప్పాడు. భార్య మీద నెపం వేశానని కూడా చెప్పాడు.

అలివేలమ్మ నిట్టూర్చింది. "ఎంత పని జేస్తివి సారూ. ఆయమ్మ నాకాడ ఎంత బాధపడినాదో నీకేం తెల్సు."

రుహీ అనే చివరి సంవత్సరం పిల్ల చెయ్యెత్తింది. "సార్, తుడిచేయమంటే అందరూ తుడిచినారు గానీ నాకు మనసు రాలేదు. హిస్టరీ పాఠాలు నా ఫోన్‌లో ఉండాయి. తెలుగు పద్యాలు గూడా సగం దాకా."

కృపారాణి వెళ్లి ఆ పిల్ల పక్కన చాప మీద కూర్చుంది. రుహీ ఫోన్‌లో ఒక పాఠం పెట్టింది. కృపారాణి తన గొంతు తానే వింటూ కొంగుతో కళ్లొత్తుకుంది. ప్రేమానందం బయటికి వెళ్లి వరండాలో నిలబడ్డాడు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కాణిపాకం క్రాస్ దగ్గర భక్తులు బిలబిలా దిగి బస్సు ఖాళీ అయ్యాక అంది:

"ఎకనామిక్స్ ఎవురి దగ్గరా లేదు, మళ్లీ మొదటినుంచి చదవాల. అది మీరు చదవండి."

కంప్యూటర్‌ను పూర్తిగా తుడిచి మళ్లీ సిద్ధం చేశాడు ప్రేమానందం. ఎప్పటికైనా తాళంచెవి దొరక్కపోతుందా అని, తాళం పడ్డ ఫైళ్లను వేరే డిస్కులో దాచాడు. ప్రిన్సిపాల్ వీడియో సంగతి అడిగితే, దాన్ని చేయబోయి తను ఏం చేశాడో చెప్పాడు. ప్రిన్సిపాల్ నవ్వేసి, "ఆ ముక్క మాత్రం ఎవరికీ చెప్పకండి సార్" అన్నాడు. ప్రేమానందం మరుసటి క్లాసులో పిల్లలకు ఆ ముక్కే చెప్పాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వనిచ్చాడు.

ఇప్పుడు సెలవు రోజుల మధ్యాహ్నాలు కిటికీలు మూసుకుని చెమటలు కక్కుతూ ఎకనామిక్స్ చదువుతున్నది ఆయనే. సార్ మరీ తొందరగా చదువుతున్నాడని హాస్టల్ పిల్లలు కబురు పంపితే, రెండు పాఠాలు మళ్లీ చదివాడు.

కృపారాణి ఆ నెపం మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. కానీ కంప్యూటర్ కాస్త నెమ్మదించినా, తెర మీద తెలియని బొమ్మ ఏదైనా కనబడినా, ఆమె చేతులు వెనక్కి తీసుకుని, "నేనేమన్నా చేసినానా?" అని అడుగుతుంది.

"లేదు కృపా," అంటాడాయన. ఎన్నిసార్లు చెప్పినా ఆమె మళ్లీ అడుగుతూనే ఉంది.