బకెట్ నిండేలోపు

నీటిని కొలవడం తప్ప వెంకటకృష్ణారావుగారికి మరో వ్యసనం లేదు. కాలువల ఇంజినీరుగా రిటైరై, విజయవాడ పటమటలోని నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు అధ్యక్షుడయ్యాక కూడా ఆయన పంపు నీళ్ళను క్యూసెక్కుల్లోనే ఊహించుకునేవారు. కృష్ణ అంత దగ్గర్లో ఉన్నా, ఏటా ఎండలు ముదిరేసరికి బోరు చేతులెత్తేసేది. గేటు ముందుకు ట్యాంకర్ వచ్చేది. దాని హారన్ ఆయనకు పేరు పెట్టి తిట్టినట్టు వినిపించేది.

ఎక్కడో నీటి పొదుపు ప్రమాణాల మీద సదస్సు విని వచ్చిన ఆయన, అన్ని ఇళ్ళలోనూ కుళాయిలు మార్పించడానికి పూనుకున్నారు. కొత్త కుళాయి మూతిలో జల్లెడ లాంటి బిళ్ళ ఉంటుంది. అది నీటిలో గాలి కలిపి, పాత ధారలో మూడో వంతు మాత్రమే వదులుతుంది. ప్రమాణాలు పాటించిన భవనమని ఒక ప్రైవేటు సంస్థ ఇత్తడి ఫలకం కూడా ఇస్తుందట.

సర్వసభ్య సమావేశంలో జయపాల్ లేచాడు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల వ్యాపారి. అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయినవాడు.

"ధార సన్నబడితే స్నానం చిన్నదవుద్దా అండీ?"

"ఇది సైన్సు జయపాల్‌గారూ. బేరింగులమ్మడం కాదు."

"సరేనండీ. మరి ట్యాంకరొస్తే?"

"ఈ వేసవిలో మన గేటు ముందు ట్యాంకర్ కనపడిందా, ఆ రోజే ఈ కుర్చీ దిగిపోతా. అందరూ వింటున్నారుగా!"

అందరూ విన్నారు. జయపాల్ మరికాస్త శ్రద్ధగా విన్నాడు.

ఆ ప్రమాణాలు రాసినవారి ఊహలో మనిషి కుళాయి కింద చేతులు పెడతాడు, కడుక్కుంటాడు, కట్టేసి వెళ్ళిపోతాడు. విజయవాడలో మనిషి కుళాయి కింద బకెట్ పెడతాడు. కుళాయిలతోపాటు టాయిలెట్లకు వచ్చిన చిన్న మీట, పెద్ద మీటల సంగతీ అంతే: జనం రెండూ నొక్కి, అప్పటికీ నమ్మకం చాలక, పైనుంచి ఒక బకెట్ గుమ్మరించేవారు.

ఫలితంగా పైట్యాంకు మునుపటికన్నా తొందరగా ఖాళీ కాసాగింది. ఎక్కడో లీకు ఉందని తీర్మానించుకున్న అధ్యక్షులవారు ఒక ఉదయం స్వయంగా తనిఖీకి బయలుదేరారు. మూడో అంతస్తులో సాజిదా ఇంటి గుమ్మం దాటి నీళ్ళు మెట్లమీదికి వస్తున్నాయి.

"సాజిదమ్మా! కుళాయి కట్టెయ్యమ్మా, పొర్లిపోతోంది!"

సాజిదా వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, మర్చేపోయానంకుల్! ఇదివరకు పక్కన నిలబడితే నిండేది. ఇప్పుడు నిలబడితే కాళ్ళు లాగేస్తున్నాయండీ. అందుకే కుళాయి విప్పేసి పొయ్యి దగ్గరికెళ్ళా."

"పొదుపంటే ఓపికమ్మా. దగ్గరుండి చూసుకోవాలి."

"అయితే కుళాయితోపాటు దాని పక్కన నిలబడే మనిషిని కూడా బిగించి పోవాల్సింది అంకుల్!"

తక్కిన అంతస్తుల్లోనూ అదే దృశ్యం: ధారాళంగా పొర్లే బకెట్, దాని దగ్గర ఎవరూ లేని బాత్రూము. జనంలో పౌరస్పృహ లేదని బాధపడుతూ ఆయన నాలుగో అంతస్తులోని తన ఇంటికి చేరేసరికి భార్య రావమ్మ చీపురుతో ఎదురైంది.

"కుళాయి కింద బకెట్ పెట్టి ఊరేగింపుకెళ్ళారా? హాల్లోకొచ్చాయండీ నీళ్ళు! మీ పేపర్లన్నీ తేలుతున్నాయి."

ఆయన ఆలోచనలో పడ్డారు. కుళాయి తప్పు చేయలేదు, తప్పు మనిషిది. మనిషి ప్రమాణాల పరిధిలోకి రాడు. కనుక ఫలకం వచ్చేదాకా నోరు మెదపకపోవడమే శాస్త్రీయమని తేల్చుకున్నారు.

ఫలకం ఇచ్చే రోజు సంస్థ తరఫున హర్షవర్ధన్ అనే యువ అధికారి వచ్చాడు. నాలుగు ఇళ్ళలో కుళాయి కింద కొలపాత్ర పెట్టి, "ఎక్సలెంటండీ" అన్నాడు.

"మొత్తమ్మీద ఎన్ని నీళ్ళు వాడుతున్నామో చూడరా అండీ?" అని జయపాల్ అడిగాడు.

"అది మా స్కోపులో లేదండీ. మేం కుళాయినే చూస్తాం."

కింద షామియానా లేచింది. అధ్యక్షులవారు స్నానానికి వెళ్ళారు. తల నుంచి పాదాల దాకా సబ్బు పట్టించుకున్నాక, సగం కూడా నిండని బకెట్ మీద కుళాయి ఒక్కసారి బుస్సుమంది. నీళ్ళు రాలేదు. గాలి మాత్రం ప్రమాణం ప్రకారమే వచ్చింది. ఉన్న ఆ కాసిని నీళ్ళూ తలమీద పోసుకుంటే నురగ కళ్ళలోకి దిగింది.

"ఏమోయ్! నీళ్ళు!"

"ఎక్కడివండీ? ట్యాంకు ఖాళీ. తాగేనీళ్ళ క్యాను కూడా కింద కాఫీలకి పట్టుకుపోయారు."

మైకులో ఆయన పేరు పిలుస్తున్నారు. కళ్ళు భగ్గుమంటున్నాయి. కాసేపు కుర్చీకీ కళ్ళకీ మధ్య ఊగి, "ట్యాంకర్‌ని పిలువు" అన్నారు నెమ్మదిగా.

"ఏంటీ? వినపళ్ళా."

"ట్యాంకర్!"

ఆ కేక బాత్రూము వెంటిలేటర్‌లోంచి నేరుగా షామియానా మీద పడింది.

రావమ్మ ఫోను చేసిన ట్యాంకర్ పక్క వీధిలోనే ఉందేమో, కాఫీలు పూర్తికాకముందే హారన్ కొడుతూ వచ్చి గేటు ముందు, ఫలకానికి ఎదురుగా నిలిచింది. తువ్వాలు చుట్టుకుని వెంకటకృష్ణారావుగారు బాల్కనీలోకి వచ్చారు.

"అది అసోసియేషన్ ట్యాంకర్ కాదు! నా సొంతానికి పిలిపించుకున్నా!"

జయపాల్ డ్రైవర్ వైపు తిరిగాడు. "విన్నావుగా అబ్బాయ్, సొంతమంట. సంపులో పొయ్యమాక. పైపు లాగి పైన అయ్యగారి బాత్రూములో పెట్టు."

"అన్ని నీళ్ళు ఎందులో పట్టుకుంటారండీ?" అన్నాడు డ్రైవర్, తల పైకెత్తి.

"అంకుల్!" సాజిదా కింది బాల్కనీలోంచి పిలిచింది. "మాకూ చుక్క రావట్లేదండీ. పిల్లలు సబ్బుతో నిలబడున్నారు."

వెంకటకృష్ణారావుగారు ఒక కన్ను తెరిచి కిందికి చూశారు. గేటు దగ్గర అప్పుడే బకెట్లు వరుసగా చేరుతున్నాయి. భుజంమీద నురగ ఎండి చర్మం బిగుసుకుంటోంది.

"సంపులోనే పొయ్యమనండి" అన్నారు.

పైపు సంపులోకి దిగింది. జరిగిందేమిటో అంతుపట్టని హర్షవర్ధన్ మైకు సవరించుకుని, "అధ్యక్షులవారు వేదికమీదికి వచ్చి ఫలకం ఆవిష్కరించాలని కోరుతున్నాం" అన్నాడు.

జయపాల్ కాలర్ సర్దుకుంటూ లేచాడు.