కూతురి దగ్గర తీసుకోకూడనిది

"నీకేమన్న అయితే నేనేం జెయ్యాలె సుమనా? ఇంకా నీ కడుపన్న పండలే" అన్నాను.

బొంబాయిలో చేయాల్సిన ఆపరేషను మాట ఇంకా ఖాయం కాలేదు. నా కళ్లకు మాత్రం, అక్కడ తండ్రినీ బిడ్డనూ ఇద్దరినీ పోగొట్టుకుని ఒక్కదాన్నే రైలు దిగుతున్నట్టు కనబడుతోంది.

మా ఆయన నర్సన్నకు రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. నా రక్తం ఆయనకు కలవలేదు. మా ఒక్కగానొక్క బిడ్డ సుమనది కలిసింది. ఒకటి తీసిస్తే ఇద్దరూ బతకొచ్చన్నాడు డాక్టరు. సుమన వెంటనే సరేనంది. ఆయనే ఒప్పుకోలేదు.

మా వైపు కూతురికి పిల్లలు పుట్టేదాకా ఆమె ఇంట్లో తల్లిదండ్రులు ఏమీ తినరు, తాగరు. అందుకే మా ఊరు కర్ఖేలి నుంచి బిడ్డ ఉండే నాందేడుకు ఎప్పుడొచ్చినా మాకు రొట్టెల మూట, నీళ్ల చెంబు ఉండాల్సిందే. ఆ రోజూ అల్లుడి వసారాలో మా చెంబు పక్కనే కూర్చున్నాం.

"చాయ్ గూడ తాగనోన్ని, బిడ్డ పెయ్యిల ముక్క తీస్కుంటనా? సచ్చినా తీస్కోను" అన్నాడాయన.

"ఈ పెయ్యి మీ ఇంట్ల తిని పెరిగిందే గద బాపూ. అత్తోరిదేం ఇస్తలేను" అంది సుమన.

అల్లుడు కాశీరాం నవ్వాడు. "ఒప్పుకోండ్రి మామా. లేకుంటె మీ బిడ్డ నన్ను బతుకనియ్యది. నా సుకం గూడ జర సూడుండ్రి."

ఆయన నవ్వలేదు. "పుణ్యం కోసం పానం మీదికి తెచ్చుకుంటవా బిడ్డా?"

"పుణ్యం ఎవలికి గావాలె? నాది లాలుచ్, ఉత్త ఆశ. నాకు బాపు గావాలె. పుట్టింటికి అస్తె ధర్మాబాద్ టేషన్ల నా కోసం నువ్వే నిలబడాలె. రేపు నా పిల్లలను నువ్వే ఎత్తుకోవాలె. నేను నా కోసమే ఇస్తున్న, నీ కోసమనుకోకు."

ఆయన నా వైపు చూశాడు, నేను వద్దంటాననే ధైర్యంతో. వద్దనడానికే నోరు తెరిచాను. కానీ బిడ్డ ముఖంలో బెరుకన్నది లేదు.

"నాకు బుగులే. అయినా ఒద్దనను" అన్నాను. "నాకు ఇద్దరు గావాలె."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సుమన బియ్యం చెరిగింది, పొయ్యి ముట్టించింది, వంట ముగించింది. ఆయన కదల్లేదు. కోపమో, ఏడుపో తెలియక నేను ఆ వీపునే చూస్తూ ఉండిపోయాను. ఎండ వసారా దాటి వాకిట్లోకి జరిగింది.

అప్పుడు ఇటు తిరక్కుండానే అన్నాడు:

"బొంబాయిల నువ్వు బిడ్డ కాడనే ఉండాలె, తెల్సిందా? నన్ను అల్లుడు సూస్కుంటడు."