లెక్కలేని సెలవు

మా ఆయన వెండెల్ పనిచేసే బీమా ఆఫీసు కిందటి చలికాలంలో ఉద్యోగులకు ఒక వరమిచ్చింది. ఇక రాకపోకలకు వేళలుండవు. సెలవులకు లెక్కుండదు. ఎవరికి కావలసినన్ని వాళ్లు తీసుకోవచ్చు.

"ఇక మహారాజునే, మార్లిస్!" అన్నాడు. ఆ మహారాజు రెండో వారానికే పళ్లు తోముకుంటూ మెయిళ్లు చూడసాగాడు.

నేను బడి వంటింట్లో పనిచేస్తాను. గంట కొడితే వెళ్లాలి, గంట కొడితే రావాలి. ఏప్రన్ మేకుకి తగిలించాక సూపు గురించి నన్నెవరూ అడగరు. అయినా వెండెల్‌కి నన్ను చూస్తే జాలి.

ఈ ఆగస్టుకి మా పెళ్లయి పాతికేళ్లు. బడి తెరిచేలోపు సరస్సు ఒడ్డున చెక్క ఇల్లు అద్దెకు తీసుకుని ఇద్దరమే ఒక వారం ఉండాలని నా కోరిక. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఏడాదికి మూడు వారాలే సెలవున్న రోజుల్లో ఒక్క పూట వదలకుండా దెబ్బలాడి వాడుకునేవాడు. ఇప్పుడు ఎంత తీసుకుంటే మర్యాదో ఎవరికీ తెలియదు. మా చర్చి విందుల్లో పళ్లెంలో మిగిలిన చివరి కేకు ముక్కను ఎవరూ తీసుకోరు. ఒకరు సగం కోసుకుంటారు, తర్వాతివాళ్లు ఆ సగంలో సగం. చివరికి గోరంత ముక్క అక్కడే ఎండిపోతుంది. వెండెల్ మా వారాన్ని అలాగే కోశాడు. జూన్‌లో వారం అన్నది జూలైకి నాలుగు రోజులైంది.

ఆ నెలలోనే ఆఫీసువాళ్లు సిబ్బంది మనశ్శాంతి కోసం శనివారం పొద్దున్నే ఊపిరి పీల్చే తరగతి పెట్టారు. ఇష్టమైతేనే రమ్మన్నారు. ఒక్కరూ మానలేదు.

ఆగస్టులో ఒక శుక్రవారం సరస్సు చేరాం. మర్నాడు చేపలు పట్టడానికి వెళ్తే, పడవలోకి లాప్‌టాప్‌తో దిగాడు.

"రేపు వెళ్లిపోవాలేమో," అన్నాడు.

"ట్రేసీ రమ్మందా?" ట్రేసీ వాళ్ల పై అధికారి.

"లేదు."

"మరి సెలవు వద్దందా?"

"ఏమీ అనలేదు. ఎన్నాళ్లైనా హాయిగా ఉండమంది. అదే కదా భయం!"

"ఎన్నాళ్లైనా అంటే అందులో ఒక వారం రాదా?"

"నీకు తెలీదులే. మా ఆఫీసులో డేల్ రెండు రోజులే తీసుకున్నాడు."

"అయితే నువ్వు డేల్‌నే కట్టుకోవాల్సింది."

నవ్వాడు. నేను గాలం నీళ్లలోకి విసిరాను.

"కోపమొచ్చిందా?"

"లేదయ్యా. నేను వారమంతా ఉంటాను. నువ్వు బస్సెక్కు."

"నిజంగానా?"

ఆ మొహంలో కాస్త బాధ కనిపించినా సరిపెట్టుకునేదాన్ని. కనిపించింది ఊరట.

ఆదివారం బస్సు దగ్గర దింపాను. బస్సు కదులుతుంటే కిటికీలోంచి చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను. తీరా చూస్తే ఆ చేతిలో ఫోన్. సిగ్నల్ వెతుక్కుంటున్నాడు.

చెయ్యి ఎలాగూ ఎత్తాను కదా అని, దాంతోనే జుట్టు సర్దుకుని కారెక్కాను.