అత్తయ్య కోసం తవ్విన గుంట

డిపోకి బయల్దేరే ముందు మెకానిక్ చేసే ఆఖరి పని, అత్తగారి మంచం కిందున్న బేసిన్ తీసి ఖాళీది పెట్టడం. ఆవిడ చేతివేళ్ల కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి. వానలు వెనకబట్టాక మొదలైంది. ముందు దిండు తడిసేది, తర్వాత పరుపు, ఇప్పుడు పూటకో బేసిన్. డాక్టరు నాడి చూసి, "ఈ వయసులో కొందరికింతే. ఎవరూ జారిపడకుండా నేలమీద గోనెపట్టా వెయ్యండి," అని పంపేశాడు. పక్కింటివాళ్లు తుడుచుకోమని పాత తువ్వాళ్లు ఇచ్చారు.

నీళ్లు పోయేకొద్దీ ఆవిడ తగ్గిపోతోంది. ఇప్పుడు చంటిపిల్లల చెప్పులైతే సరిపోతాయి. నోరు మాత్రం తగ్గలేదు.

"నాలో ఇన్ని నీళ్లున్నాయని తెలిస్తే కుళాయి దగ్గర అంతమందితో తగువు పెట్టుకునేదాన్నా?" అనేది.

పెళ్లయిన కొత్తలో అల్లుడి చేతులకి గ్రీజు వాసనని మూతి తిప్పిన మనిషి. ఇప్పుడా చేతులే ఆవిడకి గుక్కగుక్కగా నీళ్లు తాగించేవి. తాగినవి తాగినట్టే వేళ్లలోంచి జారిపోయేవి. బస్సు రేడియేటరు కారితే ఎక్కడో వెతికి అతుకు వెయ్యగలడు. ఇక్కడ ఎక్కడని వేస్తాడు?

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి భార్య బాత్రూం గుమ్మంలో, నిండు బేసిన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పారబొయ్యలేదేం?"

"ఇన్నాళ్లూ పోశాను. ఇంక నావల్ల కాదండీ. రోజూ మా అమ్మని తీసుకెళ్లి డ్రైనేజీలో పోస్తున్నాను."

అతను పలుగూ పారా తీసుకుని పెరట్లోకి వెళ్లాడు.

మంచం మీంచి అత్తగారికి కనపడేలా, కిటికీకి ఎదురుగా గీత గీసి తవ్వాడు. మట్టి జారకుండా అంచులు ఏటవాలుగా చెక్కాడు. వేర్లు కోసి, రాళ్లు ఏరి, గుంటంతా అరచేత్తో తడిమాడు. ఒక్క మొనదేలిన రాయున్నా పైన పరిచే షీటు చిరిగి నీళ్లు ఇంకిపోతాయి. ఇసుక పరిచి, పైన పాత దుప్పట్లు వేసి, వాటిమీద నల్ల రబ్బరు షీటు దించాడు. భార్య అవతలి కొస పట్టుకుంది.

"మడతలు పడుతున్నాయి అల్లుడుగారూ," కిటికీలోంచి కేకేసింది అత్తగారు. "ఆ మూల లాగండి. పక్క వేసేది ఇలాగేనా?"

"మీరే వచ్చి లాగండి అత్తయ్యా."

"వస్తాను, వస్తాను. నాకోసమేగా ఇదంతా."

భార్య కొస వదిలేసి ముఖం తిప్పుకుంది. అతను షీటు అంచుల మీద రాళ్లు పేర్చుకుంటూ పోయాడు. అంతకుమించి చెయ్యగలిగిందేమీ లేదు.

ఆ తర్వాత ప్రతి బేసినూ గుంటలోనే పోశారు. గుంట నిండుతుంటే మంచం ఖాళీ అవుతూ వచ్చింది. చివరికి దిండు మీదే ఇమిడిపోయింది ఆవిడ. కూతురు ఒళ్లో కూర్చోబెట్టుకుని తల దువ్వేది. ఒక మధ్యాహ్నం దువ్వుతూ ఉండగానే ఒళ్లంతా తడిసిపోయింది; చేతిలో దువ్వెన మిగిలింది. భార్య కదల్లేదు. అతనే ఆ తడిబట్టలు తీసుకెళ్లి, ఆఖరి చుక్క దాకా గుంటలో పిండాడు. నీళ్లు సరిగ్గా అంచుకొచ్చి ఆగాయి.

ఎండలు ముదిరాయి. వీధిలో మొక్కలన్నీ వడిలినా గుంటలో వేలెడు నీళ్లు కూడా తగ్గలేదు. అప్పుడొచ్చింది అతనికి ట్రాన్స్‌ఫర్. పెద్ద ఊరు, అతను ఏళ్లుగా అడుగుతున్న హెడ్ మెకానిక్ పోస్టు. వెంటనే చేరకపోతే ఇంకొకరికి పోతుంది. సామాను సర్దారు. లారీకెత్తారు.

భార్య మూతున్న పెద్ద క్యాను తెచ్చి గుంటలో ముంచింది. పైకి తీస్తే ఖాళీ. వంచి ముంచింది, అడుక్కంటా ముంచింది. నీళ్లు క్యాను మూతి దాకా వచ్చి పక్కకి తప్పుకుంటున్నాయి.

"అమ్మా, మాతో రావూ?" అంది. మళ్లీ ముంచింది.

లారీ డ్రైవరు కూడా దిగొచ్చి ఓ చెయ్యి వేశాడు. కాసేపటికి పొడి చేతులు దులుపుకుని, "పెద్దావిడకి ఇక్కడే బాగుందమ్మా," అన్నాడు.

భార్య ఖాళీ క్యాను పట్టుకుని అలాగే కూర్చుంది. మెకానిక్ ఆమెకేసి చూశాడు, నీళ్లకేసి చూశాడు. లారీ దగ్గరికి నడిచాడు.

"బీరువా బరువుంటుంది," అన్నాడు డ్రైవరుతో. "ముందు అది దించుదాం."