జేబు ఎడమ మూల

అమెరికాలోని ఫాల్ రివర్‌లో కోట్లు కుట్టే ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడో నెలలో నతేర్సియాకి ఆ ఉత్తరం వచ్చింది. దిగుమతుల వల్ల పని పోయిన కుట్టుపనివాళ్ళకి సర్కారు రెండేళ్ళు చదువు చెప్పించి, వారం వారం భత్యం ఇస్తుంది. ఎనభై మంది తరఫున ఆవిడా, మరో ఇద్దరూ సంతకాలు పెట్టి అడిగారు. కుదరదన్నారు. మీ పని దిగుమతుల వల్లే పోయిందనడానికి రుజువు లేదు, అభ్యంతరముంటే ముప్ఫై రోజుల్లో చెప్పుకోండని రాశారు. ఆర్డర్లు లేక మూశాను, బయట నుంచి ఒక్క కోటూ తెప్పించలేదని యజమాని రాసిచ్చాడట. ఎంత పెద్దమనిషి!

పంతొమ్మిదేళ్ళు పక్క మిషను మీద కుట్టిన లుడొవీనా సూప్ గిన్నె పట్టుకుని వచ్చింది.

"వదిలెయ్యవే. హోటల్లో గదులు తుడవడానికి మనుషులు కావాలట, రేపు నాతో రా. యాభై మూడేళ్ళొచ్చాక బడికెళ్తావా? పలక కొనిపెట్టనా?"

"కొనిపెట్టు. బలపం కూడా."

నవ్వుతూనే అంది గానీ, వేళాకోళానికి అనలేదు. పోర్చుగల్‌కి చెందిన అజోర్స్ దీవుల్లో పుట్టిన ఆవిడ చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. ఎడమ చేత్తో రాస్తోందని టీచరమ్మ బద్దతో వేళ్ళ మీద కొట్టేది, చివరికి ఆ చేతిని బల్లకి కట్టేసింది. కుడి చేత్తో రాయలేక, మొద్దు అనిపించుకుని, ఇంటికొచ్చి సూది పట్టింది. ఆ ఉక్రోషం ఇప్పటికీ చల్లారలేదు. ఇంగ్లీషు నేర్చుకోవాలి, ఆ పైన ఆసుపత్రి పని నేర్చుకోవాలి. ఈ ఒక్క దారే ఉంది.

మర్నాటి నుంచి రుజువు కోసం బట్టల దుకాణాల వెంట కాళ్ళరిగేలా తిరిగింది. కనిపించిన ప్రతి కోటునీ లోపలివైపు తిప్పి చూసేది. అమ్మేవాళ్ళు దొంగని చూసినట్టు చూసినా లెక్కచేయలేదు. ఇరవై మూడో రోజున ఒక చవక దుకాణంలో దొరికింది. మెడ దగ్గర తమ కంపెనీ పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో, హోండురాస్ దేశంలో కుట్టిందని. లోపలి జేబు బయటికి లాగి, కుట్లు వేలితో తడిమి చూసి, ఆ కోటు కొనేసింది.

తన ఇంగ్లీషు చాలదని లుడొవీనాని కూడా సర్కారు ఆఫీసుకి లాక్కెళ్ళింది. అక్కడి అధికారి మిస్ డోనెలీ కాగితాలు తిరగేసింది.

"కంపెనీ పేరు వేరేవాళ్ళకి అమ్మేశానంటున్నాడు మీ యజమాని. ఈ కోటుతో తనకి సంబంధం లేదట."

నతేర్సియా ఆ కోటు పక్కన తమ్ముడి పాత కోటు పరిచింది. రెండింటి జేబులూ బయటికి తీసింది.

"ఈ పాతది నేను కుట్టిందే. అందరూ జేబుని కుడి మూల నుంచి మొదలుపెడతారమ్మా. నాది ఎడమ చేతివాటం. ఎడమ మూల నుంచి మొదలుపెట్టి మూడు కుట్లు వెనక్కి వేస్తాను. ఫ్యాక్టరీ మొత్తంలో నేనొక్కదాన్నే. ఈ కొత్తదానిలోనూ అవే కుట్లు."

"అయితే ఆ కొత్తది కూడా మీరు కుట్టిందేనేమో?"

"నేనెప్పుడూ హోండురాస్ వెళ్ళలేదు. మూసే ముందు వేసవిలో యజమాని నా చేతుల్ని వీడియో తీయించాడు, కొత్తవాళ్ళకి నేర్పడానికన్నాడు. పాపం అక్కడి పిల్లలు చూసింది చూసినట్టు నేర్చుకున్నారు. కుడి చేతివాళ్ళు కూడా నాలాగే కుడుతున్నారు."

ఇదంతా ఇంగ్లీషులో చెప్పి, లుడొవీనా తన మాటొకటి కలిపింది. "ఆ రోజు లిప్‌స్టిక్ వేసుకొచ్చిందండీ. తీసింది చేతుల్నే."

డోనెలీ నవ్వలేదు. ఆ మూడు కుట్ల మీద బొటనవేలు పెట్టి రెండు జేబులూ పోల్చి చూసింది. తర్వాత కాగితం తీసి, వీడియో సంగతి మొదటి నుంచి చెప్పమంది.

డోనెలీ పైఅధికారులు ఆ వీడియో ఎక్కడికి పంపావని యజమానిని నిలదీశారు. నీళ్ళు నమిలి, నమిలి, హోండురాస్‌లో కుట్టించి తెప్పిస్తున్నది తనేనని చివరికి ఒప్పుకున్నాడు. మార్చిలో ఎనభై మందికీ మంజూరైంది.

క్లాసు మొదటి రోజు లుడొవీనా నిజంగానే పలక తెచ్చి పక్కన కూర్చుంది. మేష్టరు కాగితాలు పంచి పేరు రాయమన్నాడు. అలవాటుగా నతేర్సియా కలం కుడి చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం ఆగి, ఎడమ చేతిలోకి మార్చుకుంది. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. మేష్టరు బల్లల మధ్య నుంచి తన వైపే వస్తున్నాడు. ఆవిడ వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి.

"కాగితం కొంచెం ఇటు తిప్పుకోండి," అన్నాడాయన. "ఎడమ చేతికి తేలిగ్గా ఉంటుంది."

కాగితం తిప్పుకుని తన పేరు మళ్ళీ మొదటి నుంచి రాసింది.